రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తుంటే: కొత్త గోలీ అడిగే ముందు మీ మందుల సంచి విప్పండి

నడిరాత్రి పిక్క ముద్దకట్టి బిగుసుకుపోయినప్పుడు ఎవరికీ ఇంత చదివే ఓపిక ఉండదు కాబట్టి, ఆ క్షణంలో ఏం చేయాలో ముందే చెప్పేస్తా. మోకాలు వంచకుండా కాలు చాపండి. పాదాన్ని, వేళ్లను మీ మొహం వైపు లాక్కోండి. నొప్పికి తట్టుకోలేక చాలామంది పాదాన్ని కిందికి సాగదీస్తారు, దాంతో పిక్క ఇంకా గట్టిగా పట్టేస్తుంది, కాబట్టి ఎప్పుడూ పైకే లాగాలి. చేయి అందకపోతే కండువానో చున్నీనో పాదం కింద వేసి రెండు కొసలు పట్టుకుని మెల్లగా లాగండి, గుంజి పారేయకండి. ఇంకో చేత్తో పిక్కను పిసుకుతూ ఉండండి. లేచి నిలబడగలిగితే మడమ నేలకు ఆనించి ఆ కాలి మీద బరువు వేసినా వదులుతుంది, కానీ పెద్దవాళ్లు చీకట్లో దిగ్గున లేవొద్దు. ముందు మంచం అంచున కూర్చుని, లైటు వేసుకుని, గోడో మంచం కోడో పట్టుకుని లేవాలి. పిక్క నొప్పి పది నిమిషాల్లో పోతుంది, తుంటి విరిగితే ఏడాది పోతుంది.

తొడ వెనక పట్టేస్తే మోకాలు చాపాలి, తొడ ముందు పట్టేస్తే మోకాలు మడిచి మడమను పిరుదు వైపు తేవాలి. బిగుసుకున్న కండరాన్ని దాని ఎదురు దిశలో సాగదీయడం, సూత్రం అంతే.

మామూలుగా కొన్ని క్షణాల నుంచి పది నిమిషాల లోపు వదిలేస్తుంది. మర్నాడు కూడా పిక్క సలుపుతూ ఉండొచ్చు, దానికి టెన్షన్ పడక్కర్లేదు. గోరువెచ్చని నీళ్ల కాపడం హాయిగా ఉంటుంది. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లు మాత్రం వేడినీళ్ల సంచి పెట్టుకోవద్దు, కాలినా తెలియదు, ఆ పుండు మానదు. బామ్ రాసుకోవడం మీ ఇష్టం, నా లెక్కలో అక్కడ పనిచేసేది బామ్ కంటే రుద్దే చేయే.

హనుమకొండలో మందుల షాపు కౌంటర్ వెనక కూర్చునే నాకు రోజూ వినపడే మాట ఒకటుంది. "అన్నా, మా అవ్వకు రాత్రయితే చాలు పిక్కలు గుంజుతున్నయట, నరాలకు మంచి గోలీ ఏమన్న ఉంటె ఇయ్యి." అవ్వ రాదు, అవ్వ వాడే మందుల చీటీ రాదు, గోలీ మాత్రం కావాలి. నేను డాక్టర్‌ను కాదు, మందుల మనిషిని. ఈ బాధను పూర్తిగా ఆపే సురక్షితమైన గోలీ ఇప్పటిదాకా రాలేదు. అడిగి కొనుక్కునే గోలీల్లో కొన్ని పిక్కనొప్పి కంటే ప్రమాదం. ఇంకో సంగతేమిటంటే, కొందరికి ఈ బాధ ఇప్పటికే వాడుతున్న మందు వల్లే వస్తోంది.

మొదట ఆరు వారాలు ఇది చేసి చూడండి

పడుకోబోయే ముందు పిక్కలు, తొడ వెనక కండరాలు సాగదీయడం. 2012లో నెదర్లాండ్స్‌లో 55 ఏళ్లు దాటిన 80 మందితో చేసిన పరీక్షలో ఆరు వారాల పాటు రోజూ రాత్రి ఇలా చేసినవాళ్లకు పట్టేయడమూ తగ్గింది, నొప్పి తీవ్రతా తగ్గింది. అంతకు ముందు 2005లో ఇంగ్లండ్‌లో చేసిన ఇంకో పరీక్షలో పిక్కలు సాగదీయడం వల్ల లాభం కనిపించలేదు. అంటే వందకు వంద గ్యారంటీ లేదు. అయినా దీన్నే ముందు పెడతాను, ఎందుకంటే ఖర్చు లేదు, కిడ్నీకి దెబ్బ లేదు, వేరే మందుతో గొడవ లేదు.

గోడకు రెండు మూడు అడుగుల దూరంలో నిలబడి చేతులు గోడకు ఆనించండి. ఒక కాలు వెనక్కి పెట్టి, ఆ మోకాలు నిటారుగా, మడమ నేలకు అతుక్కుని ఉండేలా చూసుకుంటూ ముందుకు వాలండి. పిక్కలో లాగినట్టు తెలియాలి, నొప్పి పుట్టకూడదు. అర నిమిషం ఆగి వదలండి, ఒక్కో కాలికి మూడుసార్లు. తర్వాత మంచం అంచున కూర్చుని ఒక కాలు పరుపు మీద చాపి, రెండోది కిందకు వదిలి, నడుం దగ్గర నుంచి ముందుకు వంగండి, తొడ వెనక లాగుతుంది. అంతా కలిపి ఐదు నిమిషాలు కూడా పట్టదు. నిలబడలేని ముసలివాళ్లకు కూర్చోబెట్టి కండువాతో పాదం లాగించొచ్చు.

చలికాలం బరువైన బొంత పాదాల మీద పడి వేళ్లను కిందికి నొక్కేస్తుంది, రాత్రంతా పిక్క కుంచించుకుని ఉంటుంది. పాదాల దగ్గర దుప్పటి వదులుగా ఉంచండి. బోర్లా పడుకునేవాళ్లు పాదాలను మంచం చివర బయటికి వేలాడేయండి.

పగటి పని సంగతి కూడా చూడాలి. బీడీలు చుట్టేవాళ్లు, మిషన్ మీద కూర్చునే టైలర్లు, గంటల కొద్దీ బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. కౌంటర్ దగ్గర నిలబడేవాళ్లది ఇంకో రకం. గంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయడం, మడమలు పైకి కిందికి పదిసార్లు ఆడించడం అలవాటు చేసుకోండి. పత్తి ఏరే రోజుల్లో, నాట్ల రోజుల్లో, మేడారం నడిచి వెళ్లొచ్చిన రోజు రాత్రి పిక్కలు పట్టేస్తే అది అలసట, రెండు రోజుల్లో సర్దుకుంటుంది.

ఎండలో చెమట కారి పట్టేసేది వేరే లెక్క. మార్చి, ఏప్రిల్‌లో మిర్చి కల్లాల్లో, వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో బస్తాలు మోసేవాళ్లకు, భూపాలపల్లి, గోదావరిఖని ఓపెన్‌కాస్ట్ గనుల్లో పనిచేసేవాళ్లకు చెమటతో పాటు ఉప్పు కూడా పోతుంది. ఉత్త నీళ్లు లీటర్ల కొద్దీ తాగితే సరిపోదు. ఓఆర్ఎస్ ప్యాకెట్, దాని మీద రాసిన కొలత ప్రకారమే నీళ్లలో కలిపి తాగాలి, లేదంటే ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, అంబలి. పైన ఓఆర్ఎస్‌లా కనిపించే తియ్యటి డబ్బా పానీయాలతో ఆ పని జరగదు. ఇదంతా చెమట పట్టే మనిషికి. ఫ్యాన్ కింద పడుకునే డెబ్బై ఏళ్ల బీపీ పేషెంట్‌కు ఉప్పు కలిపి తాగించొద్దు, వాళ్లలో చాలామందికి రక్తంలో లవణాలు మామూలుగానే ఉంటాయి, అయినా పిక్కలు పట్టేస్తాయి.

అరటిపండు సలహా అందరూ ఇస్తారు. తింటే మంచిదే. కానీ కిడ్నీ బాగా లేనివాళ్లు, ఒంట్లో పొటాషియం పోకుండా ఆపే స్పైరనోలాక్టోన్ లాంటి గోలీ వాడేవాళ్లు పొటాషియం ఎక్కువయ్యేలా రోజూ అరటిపళ్లు, కొబ్బరినీళ్లు పట్టిస్తే గుండె కొట్టుకోవడమే తేడా వస్తుంది. డాక్టర్‌ను అడిగాకే.

ఇప్పుడు సంచి విప్పండి

ఇంట్లో ఉన్న మందులన్నీ, ఇన్‌హేలర్‌తో సహా, మంచం మీద పరవండి. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉండే మందు పేర్లు చదవండి, పైన పెద్దగా ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. 2012లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో యాభై దాటినవాళ్ల మందుల రికార్డులు తిరగేశారు. కొన్ని మందులు మొదలైన తర్వాత ఏడాదిలో పిక్కలు పట్టేయడానికి వాడే మందు కొనడం పెరిగింది. ఎక్కువ లంకె కనిపించింది ఆయాసానికి పీల్చే దీర్ఘకాలం పనిచేసే ఇన్‌హేలర్లతో, అంటే మన దగ్గర ఫార్మోటెరాల్, సాల్మెటెరాల్ ఉండేవి. తర్వాత మూత్రం ఎక్కువ పోయించే గోలీలు.

ఈ రెండోదే మన ఇళ్లలో ఎక్కువ. బీపీ గోలీ ఒక్కటే వేసుకుంటున్నా అంటారు, తీరా చూస్తే టెల్మిసార్టాన్‌తో పాటు హైడ్రోక్లోరోథయాజైడ్ అనో క్లోర్తాలిడోన్ అనో రెండో పేరు ఉంటుంది. పేరు చివర 'హెచ్' అనో 'సీటీ' అనో ఒక తోక కనిపిస్తే వెనక తిప్పి చూడండి. ఇవి సోడియం, పొటాషియం తగ్గించగలవు. కొలెస్ట్రాల్ గోలీలు, అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ మీద అందరికీ అనుమానం, కానీ ఆ కెనడా లెక్కల్లో వాటి లంకె చాలా తక్కువ. అవి ఇంకో రకం కండరాల నొప్పి తెస్తాయి, తొడలు, భుజాలు రెండు వైపులా నొప్పి, నీరసం. మూత్రం ముదురు రంగులోకి మారి కండరాలు లేవలేనంత నొప్పిగా ఉంటే మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఒక కాగితం మీద రెండు తారీకులు రాయండి: ఏ మందు ఎప్పుడు మొదలైంది, పిక్కలు పట్టడం ఎప్పుడు మొదలైంది. ఆ రెండూ దగ్గర దగ్గరగా ఉంటే ఆ కాగితం పట్టుకుని మందు రాసిన డాక్టర్ దగ్గరికి వెళ్లండి. దయచేసి మీరే ఆపేయకండి. బీపీ గోలీ ఆపి పక్షవాతం తెచ్చుకోవడం, గుండెకు స్టెంట్ వేసుకున్న మనిషి కొలెస్ట్రాల్ గోలీ (స్టాటిన్) మానేయడం, ఇవి పిక్కనొప్పికి కట్టే ధర కాదు. డాక్టర్ డోసు తగ్గిస్తారు, లేదంటే వేరే రకం రాస్తారు. సోడియం, పొటాషియం, క్రియాటినిన్, షుగర్, థైరాయిడ్ పరీక్షలు రాస్తే బయట డబ్బు పెట్టే ముందు మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో బస్తీ దవాఖానలోనో అడగండి, అక్కడ నమూనా తీసుకుని తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబ్‌కు పంపుతారు, ఉచితం.

కౌంటర్ మీద అడిగే గోలీల కథ

క్వినైన్. ఏటూరునాగారం, తాడ్వాయి వైపు పాతవాళ్లకు ఇది మలేరియా మందుగా తెలుసు. పిక్కలు పట్టేయడానికి దశాబ్దాల పాటు లోకమంతా దీన్నే వాడింది, కొంత పని కూడా చేస్తుంది, అబద్ధం చెప్పను. కానీ తగ్గేది కొంతే. దానికి ఎదురుగా ఉన్న ప్రమాదం చూస్తే గుండె జారుతుంది: రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్లేట్‌లెట్లు ఒక్కసారిగా పడిపోవడం, కిడ్నీలు దెబ్బతినడం, గుండె లయ తప్పడం, చెవుల్లో హోరు, చూపు మసక. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1994లో పిక్కలకు దీన్ని చీటీ లేకుండా అమ్మడం ఆపించింది, 2006 డిసెంబర్‌లో అనుమతి లేని క్వినైన్ మందులన్నీ మార్కెట్ నుంచి తీసేయమంది. బ్రిటన్‌లో 2010 నుంచి, మిగతావి ఏవీ పనిచేయనప్పుడు, అదీ డాక్టర్ కనిపెట్టి చూస్తూనే ఇవ్వమన్నారు. గర్భిణులకు, జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్ తక్కువ) ఉన్నవాళ్లకు, గుండె లయ సమస్య ఉన్నవాళ్లకు అసలు వద్దు. గుండెకు డిగాక్సిన్, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లకు వాటి ప్రభావం పెరిగిపోతుంది. పక్కింటాయనకు మలేరియా వచ్చినప్పుడు మిగిలిన గోలీలు అడిగి వేసుకోవడం అనేది ఎవరూ చేయకూడని పని. ఎవరైనా ఇప్పటికే వాడుతూ ఉంటే, ఒంటి మీద కారణం లేకుండా నల్లటి కమిలిన మచ్చలు గానీ చిగుళ్ల నుంచి రక్తం గానీ కనిపిస్తే వెంటనే ఆపి దవాఖానకు వెళ్లాలి.

"నరాల గోలీ" అని అడిగితే ఎక్కువ చోట్ల చేతిలో పెట్టేది ప్రెగాబాలిన్, మిథైల్‌కోబాలమిన్ కలిసినది, లేదా గాబాపెంటిన్. ఇవి షుగర్ వల్ల పాదాలు మంటలు, సూదులు గుచ్చినట్టు ఉండేవాళ్లకు డాక్టర్లు రాసే మందులు. ఉత్త పిక్కల పట్టుకు వీటికి గట్టి ఆధారం లేదు. మత్తు, తల తిరగడం, కాళ్లు తడబడటం ఉంటాయి, రాత్రి మూత్రానికి లేచే ముసలాయన పడిపోవడానికి అంతకన్నా ఏం కావాలి. కిడ్నీ బలహీనంగా ఉంటే డోసు తగ్గించాలి. ఆయాసం ఉన్నవాళ్లలో, నిద్రగోలీలు వాడేవాళ్లలో శ్వాస మందగించే ప్రమాదం ఉందని 2019లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. నెలల తరబడి వాడి ఒక్కసారిగా మానేయడం కూడా ప్రమాదమే, మెల్లగా తగ్గించాలి.

ఇక్కడ కల్లు మాట కూడా చెప్పాలి, లేకపోతే మన జిల్లాల సంగతి సగమే చెప్పినట్టు. చెట్టు కల్లు పేరుతో అమ్మే కల్తీ కల్లులో అల్ప్రజోలం, డైజిపాం లాంటి మత్తు మందులు కలిపిన కేసులు తెలంగాణలో ఎన్నోసార్లు పట్టుబడ్డాయి. సాయంత్రం ఆ కల్లు, రాత్రి ప్రెగాబాలిన్ అంటే మత్తు మీద మత్తు. మనిషి పొద్దున లేవకపోవచ్చు. డాక్టర్‌కు తాగుడు సంగతి దాచొద్దు, బాపూ ముందు సిగ్గుపడితే ఒంటరిగా చెప్పండి. తాగుడు ఎక్కువైతే పిక్కలు పట్టడం కూడా ఎక్కువే.

కండరాలు వదులు చేసే గోలీల్లో మన దగ్గర ఎక్కువ నడిచేది థయోకోల్చికోసైడ్, సాధారణంగా నొప్పి మందుతో కలిపి వస్తుంది. యూరప్ మందుల సంస్థ 2013లో దీన్ని నోటి ద్వారా ఏడు రోజులకు మించి వాడొద్దని, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు వద్దని చెప్పింది. అది రోజూ రాత్రి వేసుకునే మందు కాదు, అయినా నెలల తరబడి అదే స్ట్రిప్ తెచ్చుకునేవాళ్లను చూస్తుంటాను. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి గోలీలు పట్టు రాకుండా ఆపలేవు, అవి పనిచేయడం మొదలుపెట్టేలోపు పట్టు వదిలే ఉంటుంది. రోజూ మింగితే కడుపులో పుండు, కిడ్నీకి దెబ్బ, బీపీ పెరగడం.

మెగ్నీషియం మీద ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు వీడియోలే. 2020లో కోక్రేన్ అనే అంతర్జాతీయ పరిశోధన సంస్థ సమీక్ష పరీక్షలన్నీ కలిపి చూసి, పెద్ద వయసువాళ్లలో చెప్పుకోదగ్గ లాభం ఉండకపోవచ్చని తేల్చింది. గర్భిణుల విషయంలో ఫలితాలు ఒకదానికొకటి పొసగవు. ఎక్కువైతే విరేచనాలు పట్టుకుంటాయి. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో పేరుకుపోయి ప్రాణం మీదికి తెస్తుంది, వాళ్లు ముట్టుకోకూడదు. బీ కాంప్లెక్స్‌కు ఆధారం కొద్దిగా ఉంది, హాని తక్కువ, డాక్టర్ సరే అంటే కొన్ని వారాలు వాడి చూడొచ్చు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వేసుకునేవాళ్లలో బీ12 తగ్గుతుంది కాబట్టి ఆ పరీక్ష చేయించుకోవడం ఎలాగూ మంచిదే.

కొత్తగా వచ్చిన ఆశ విటమిన్ కె2. 2024లో చైనాలో 65 దాటిన 199 మందితో చేసిన పరీక్ష బయటికి వచ్చింది, రోజుకు 180 మైక్రోగ్రాములు, ఎనిమిది వారాలు. వారానికి రెండున్నర సార్లు పట్టేది ఒకసారికి దిగింది. బాగుంది, కానీ ఒక్క పరీక్ష. గుండె కవాటం మార్పిడి అయ్యి గానీ, రక్తం గడ్డకట్టకుండా గానీ వార్ఫరిన్, అసినోకూమరాల్ వాడేవాళ్లు విటమిన్ కె ఏ రూపంలోనూ సొంతంగా మొదలుపెట్టొద్దు, ఆ మందు పనే దెబ్బతింటుంది. డిల్టియాజెం అనే బీపీ, గుండె మందును కూడా కొందరికి ఇస్తారు, అది పూర్తిగా డాక్టర్ చేతిలో పని.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర "బలం సూది" వేయించుకోవడం, గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకోవడం గురించి ఒక్క మాటే: ఆ సూదిలో ఏముందో చీటీ మీద రాసి ఇమ్మనండి. రాయకపోతే వేయించుకోవద్దు. పేరు లేని పొట్లాల నాటు మందుకూ అదే లెక్క.

గర్భిణులు, ఇంకా డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సినవాళ్లు

కడుపుతో ఉన్నప్పుడు, ముఖ్యంగా చివరి నెలల్లో, పిక్కలు పట్టడం చాలా మామూలు. పైన చెప్పిన సాగదీయడం, పిసకడం, ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం, సాయంత్రం కాసేపు నడవడం. క్వినైన్, థయోకోల్చికోసైడ్, ప్రెగాబాలిన్ సొంతంగా ముట్టుకోవద్దు, ఇరవై వారాలు దాటాక డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ రకాలు కూడా వద్దు. దవాఖానలో ఇచ్చే కాల్షియం, ఐరన్ గోలీలు మానొద్దు, కాకపోతే రెండూ ఒకేసారి వేసుకుంటే ఐరన్ సరిగ్గా ఒంటికి పట్టదు, పూటలు మార్చుకోండి.

ఒక కాలు మాత్రమే వాచి, వేడిగా, ఎర్రగా ఉండి, నొప్పి గంటల తరబడి వదలకపోతే అది పిక్క పట్టడం కాకపోవచ్చు, రక్తనాళంలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. కాన్పు దగ్గర పడ్డవాళ్లు, కొత్తగా కన్నవాళ్లు, ఆపరేషన్ అయ్యి మంచాన ఉన్నవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఆ కాలు పిసకొద్దు, వరంగల్ ఎంజీఎం లాంటి స్కానింగ్ ఉన్న పెద్దాసుపత్రికి అదే రోజు వెళ్లండి. దానికి ఆయాసమో ఛాతీ నొప్పో తోడైతే 108కు ఫోన్ చేయండి.

కొంచెం దూరం నడిస్తే పిక్క పట్టేసి, ఆగితే తగ్గడం, మళ్లీ నడిస్తే మళ్లీ పట్టడం, ఇది కాళ్లకు రక్తం సరిగ్గా అందని లక్షణం, బీడీ, చుట్ట తాగేవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువ. పడుకోగానే కాళ్లు కదపాలనే ఆరాటం, కదిపితే హాయి, నొప్పి మాత్రం పెద్దగా లేకపోవడం అయితే అది వేరే జబ్బు, ఐరన్ నిల్వలు చూడాలి. కాలు సన్నబడుతున్నా, బలం తగ్గుతున్నా, పట్టేయడం చేతులకు కూడా పాకుతున్నా ఆరు వారాలు ఆగక్కర్లేదు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లు, లివర్ జబ్బు ఉన్నవాళ్లు ఈ వ్యాసం చూసి ఏదీ మొదలుపెట్టొద్దు, మీ డాక్టర్‌కే చెప్పండి.

మిగతావాళ్లు సాగదీయడం మొదలుపెట్టిన రోజు నుంచి క్యాలెండర్‌లో పట్టేసిన రాత్రి పక్కన ఒక గీత పెట్టుకోండి. ఆరు వారాలకు గీతలు తగ్గకపోతే ఆ క్యాలెండర్ కాగితం, రెండు తారీకులు రాసిన కాగితం, మందుల సంచి మూడూ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అవ్వను కూడా వెంట తీసుకెళ్లండి.